వరల్డ్ కప్ టైమ్‌లో డబ్బు పెట్టకుండా ప్రిడిక్షన్ గేమ్ ఎలా నడపాలి (వైజాగ్ గ్యాంగుల కోసం)

క్రికెట్ వరల్డ్ కప్ స్టార్ట్ అయ్యిందంటే చాలు, వైజాగ్‌లో ఏ హాస్టల్ రూమ్‌లో చూసినా ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఈరోజు ఎవరు గెలుస్తారు అన్న మాటే, దాని వెనకాలే నువ్వెంత పెట్టావ్ అని ఇంకో మాట. నా మాట వినండి, మజా మొత్తం ఆ మొదటి మాటలోనే ఉంది. ముందే గెస్ చేసి, అది నిజమైతే అందరి ముందు కాలర్ ఎగరేయడం, దీనికి రూపాయి కూడా అక్కర్లేదు.

అసలు ఈ కప్పుకి పందాలు ఎందుకంత అతుక్కున్నాయంటే, మగాళ్ల వరల్డ్ కప్ 1975లో పుట్టిందే ఇంగ్లండ్‌లో, అక్కడ అప్పటికే లైసెన్స్ ఉన్న బెట్టింగ్ షాపులు వీధుల్లో ఉన్నాయి. 1983లో మన టీమ్ మీద రేటు 66కి 1, అంటే ఒక పౌండు పెడితే 66 పౌండ్లు లాభం వస్తుందన్నమాట, వెస్టిండీస్ అంతకుముందు రెండు కప్పులూ కొట్టిన టీమ్ మరి. అలాంటిది ఫైనల్లో మనం 183కే ఆలౌట్ అయ్యి కూడా వాళ్లని 140కి చుట్టేసి 43 పరుగులతో గెలిచాం. ఇదిగో ఈ కథే జనాన్ని ఇప్పటికీ లాగుతోంది, ఇంకో 1983 నాకు తగలకపోతుందా అని. కానీ రేటు రాసేవాడు ఊరికే రాయడు కదా, లెక్క చూడండి. రెండు టీమ్‌లూ సమానం అనుకుంటే న్యాయంగా 100కి 200 రావాలి, బుకీ ఇచ్చేది 190. ఇద్దరు చెరో 100 పెట్టారు, వాడి చేతిలోకి 200 వచ్చింది, గెలిచినోడికి 190 ఇచ్చి 10 జేబులో వేసుకున్నాడు, మ్యాచ్ ఎవరు గెలిచినా వాడికి ఒకటే. ఇలా టోర్నీ అంతా ప్రతి మ్యాచ్‌కీ కోత పడుతుంటే ఆటగాడి డబ్బు ఎక్కడ మిగుల్తుంది. సెషన్లు, ఫ్యాన్సీలు అని, అంటే ఇన్ని ఓవర్లలో ఎన్ని పరుగులు వస్తాయి లాంటి చిన్న పందాలు, ఓవర్ ఓవర్‌కీ పెట్టించేది కూడా అందుకే, ఎన్నిసార్లు పెడితే అన్ని కోతలు. పైగా ఆంధ్రాలో 2020 నుంచి ఆన్‌లైన్ బెట్టింగ్ నేరం, 2025లో పార్లమెంట్ చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లు దేశమంతా బ్యాన్. టెలిగ్రామ్‌లో లింకు పంపి ఫిక్స్‌డ్ రిపోర్ట్ ఉంది, అంటే ఎవరు గెలుస్తారో ముందే తెలుసు అనేవాడిని అక్కడికక్కడే బ్లాక్ చేయండి, డబ్బు ఆల్రెడీ పోయి ఉంటే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ కొట్టండి.

ఇప్పుడు మన గేమ్. ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టండి, పది పన్నెండు మంది ఉంటే బాగుంటుంది. ప్రతి మ్యాచ్‌కీ ఒక పోల్. పాయింట్ల రూల్ ఒక్కటే, గెలిచే టీమ్‌ని కరెక్ట్‌గా చెప్పినవాళ్లకి, అవతలి టీమ్‌ని ఎంతమంది చెప్పారో అన్ని పాయింట్లు. పన్నెండు మందిలో పది మంది ఇండియా అన్నారు, ఇద్దరు సౌతాఫ్రికా అన్నారు అనుకోండి, ఇండియా గెలిస్తే ఆ పది మందికీ తలా 2, సౌతాఫ్రికా గెలిస్తే ఆ ఇద్దరికీ తలా 10. అందరూ ఒకే టీమ్ అంటే ఎవరికీ ఏమీ రాదు. దీంతో ఏమవుతుందంటే గుడ్డిగా పెద్ద టీమ్ వైపు వెళ్లిపోయేవాళ్లు కూడా కాసేపు ఆగి ఆలోచిస్తారు, రేటు మీ గ్రూపే కట్టుకుంటుంది, మధ్యలో కోత కోసేవాడు ఉండడు.

పోల్ క్లోజ్ చేసేది టాస్ తర్వాత, మొదటి బాల్ పడేలోపు. దీని మీద నేను గట్టిగా ఉంటాను, ఎందుకంటే సముద్రం పక్కనున్న మన ఊళ్లో రాత్రి మంచు పడితే బాల్ తడిసి రెండోసారి బౌలింగ్ చేసే టీమ్ స్పిన్నర్లకి గ్రిప్ దొరకదు, టాస్ తెలియకుండా గెస్ చేయడం అంటే సగం కళ్లు మూసుకున్నట్టే. మధురవాడ స్టేడియంలో 2025 మహిళల వరల్డ్ కప్ మ్యాచ్‌లు చూసినవాళ్లకి ఇది బాగా గుర్తుంటుంది. అక్టోబర్ 9న రిచా ఘోష్ 94 కొట్టినా నాడిన్ డి క్లెర్క్ 84 నాటౌట్‌తో మ్యాచ్ లాగేసుకుంది, 12న మనం 330 కొడితే హీలీ 142 కొట్టేసి ఆస్ట్రేలియా దాన్ని కూడా ఛేజ్ చేసేసింది, రెండుసార్లూ రెండోసారి బ్యాటింగ్ చేసినవాళ్లే గెలిచారు.

ఇంకో పోల్ టోర్నీ మొదలవ్వకముందే పెట్టాలి, కప్పు ఎవరిది అని, దీనికి పాయింట్లు డబుల్. ఇక్కడ చరిత్ర బాగా పనికొస్తుంది. లీగ్‌లో ఓడిపోయిన టీమ్‌ని కొట్టిపారేయకండి, మన అమ్మాయిలు వైజాగ్‌లో రెండు, ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద ఒకటి, వరసగా మూడు ఓడి కూడా సెమీస్‌లో అదే ఆస్ట్రేలియా మీద 339 ఛేజ్ చేశారు, జెమీమా 127 నాటౌట్, ఆ తర్వాత నవంబర్ 2న కప్పు ఎత్తారు, అందులో మన కడప అమ్మాయి శ్రీచరణి ఉండటం మనకి ఎంత గర్వం. ఫైనల్లో ఓడిన సౌతాఫ్రికా అదే టోర్నీలో ఇంగ్లండ్ మీద 69కే ఆలౌట్ అయిన టీమ్! దీనికి ఉల్టా 2023, మగాళ్ల టీమ్ వరసగా పది గెలిచి అహ్మదాబాద్ ఫైనల్లో ఓడిపోయింది. చిన్న టీమ్‌లని కూడా చూసుకోండి, 1996లో కెన్యా మన వైజాగ్ మున్సిపల్ స్టేడియంలో ఆస్ట్రేలియా చేతిలో 97 పరుగులతో ఓడిపోయింది, వారం తిరక్కుండానే పుణేలో వెస్టిండీస్‌ని 93కి ఆలౌట్ చేసి గెలిచింది. మన పాయింట్ల రూల్‌లో ఆ రోజు కెన్యా అన్నవాడు టేబుల్ టాప్‌కి వెళ్లిపోయేవాడు.

బహుమతి డబ్బు రూపంలో వద్దు, సరదాకి వంద రూపాయలు అని మొదలైతే సెమీస్ వచ్చేసరికి వెయ్యి అవుతుంది. ఫైనల్ అయ్యాక అందరూ తలా కొంచెం వేసుకుని ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తినండి, విన్నర్ తన వాటా ఇవ్వక్కర్లేదు, అంతే. గ్రూప్‌లో ఎవరైనా ఆల్రెడీ బయట బాగా పోగొట్టుకుని ఉంటే వాడిని వెక్కిరించొద్దు, అప్పు కూడా ఇవ్వొద్దు, పోల్ లెక్కలు, పాయింట్ల టేబుల్ వాడి చేతికే ఇచ్చి చూడండి, ఇంట్లోవాళ్లకి చెప్పడానికి పక్కన మీరు కూడా వెళ్లండి.

మ్యాచ్ వానకి రద్దైతే పోల్ కూడా రద్దు. ఇద్దరికి పాయింట్లు సమానమైతే టోర్నీలో టాప్ స్కోరర్ ఎవరని ముందే రాయించుకున్న పేరు చూడండి, అదీ ఇద్దరూ ఒకటే రాస్తే ఇద్దరూ విన్నర్లే.