సముద్రం కింద పైపులో మైనం: పాఠం 4 – గడ్డ ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలవుతుంది?

ముడిచమురు చల్లబడే కొద్దీ, ఒక ఉష్ణోగ్రత దగ్గర అందులో కరిగి ఉన్న మైనం స్ఫటికాలుగా బయటపడుతుందని పోయిన పాఠంలో చూశాం. ఆ ఉష్ణోగ్రత పైపులో ఎంత దూరాన వస్తుందో ఈసారి లెక్క కడదాం.

ముందు వంటింట్లో చిన్న పని. మే నెల హైదరాబాద్‌లో కొబ్బరినూనెను కరిగించే పనే ఉండదు. దాన్ని గిన్నెలో పోసి, ఐసు నీళ్లు నింపిన స్టీలు గ్లాసును సగం వరకు ముంచి ఉంచండి. కాసేపటికి గ్లాసు చుట్టూ తెల్లటి పొర కడుతుంది. మిగతా నూనె పల్చగానే ఉంటుంది. ల్యాబుల్లో కోల్డ్ ఫింగర్ పరీక్ష చేసేదీ ఈ పద్ధతిలోనే. (ఇక్కడ నూనే గడ్డకడుతోంది, ముడిచమురులో అయితే మైనం విడిపోతుంది. ఆ తేడా గుర్తుంచుకోండి.) వెచ్చని చమురు పక్కన చల్లని గోడ ఉంటేనే పొర పెరుగుతుంది.

ఇక లెక్క. బావి దగ్గర చమురు 60 డిగ్రీలు, లోతు సముద్రం అడుగున నీళ్లు 4, మైనం కనబడేది 35 దగ్గర అనుకుందాం. నీళ్లకన్నా చమురు ఎంత వేడిగా ఉందన్నదే మనకు కావాలి: మొదట 56, తర్వాత 31. 31ని 56తో భాగిస్తే 0.55. ఈ తేడా పైపు పొడవునా ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది, అందుకే దూరం కోసం లాగరిథం కావాలి. 0.55 సహజ లాగరిథం మైనస్ 0.59. మైనస్ గుర్తు తీసేయండి.

ఇప్పుడు పైపు సంగతి. సెకనుకు 40 కిలోల చమురు, విశిష్టోష్ణం (కిలో చమురు ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి) 2000 జౌల్స్: గుణిస్తే 80,000. పైపు వ్యాసం 0.3 మీటర్లు కాబట్టి చుట్టుకొలత 0.94. వేడి బయటికి పోయే గుణకం (చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు ఎన్ని వాట్లు) 5 అనుకుంటే, రెండూ గుణిస్తే 4.7. 80,000ని 4.7తో భాగిస్తే సుమారు 17,000 మీటర్లు. దాన్ని 0.59తో గుణిస్తే 10 కిలోమీటర్లు. గోడ చమురుకన్నా చల్లన కదా, పొర అంతకన్నా కాస్త ముందే మొదలవుతుంది.

ప్రవాహం సగానికి పడితే ఆ 10 కాస్తా 5 అవుతుంది. కొత్తలో బాగా నడిచిన లైను, బావి ముసలిదయ్యాక మొరాయించేది ఇందుకే. చాలామంది గుణకం గురించే టెన్షన్ పడి ఈ సంగతి వదిలేస్తారు.

అరేబియా సముద్రంలోని మన చమురు క్షేత్రం ముంబై హైలో లోతు తక్కువ, నీళ్లు ఇంత చల్లగా ఉండవు. కానీ అక్కడి చమురు దాదాపు 30 డిగ్రీల దగ్గరే పారడం మానేస్తుంది, కాబట్టి నిశ్చింతగా కూర్చోలేం.

అభ్యాసం: ప్రవాహం 20 కిలోలు, మంచి ఇన్సులేషన్‌తో గుణకం 2. జవాబు 12, 13 కిలోమీటర్ల మధ్య రావాలి. వచ్చే పాఠంలో పైపు లోపల ఆ పొరను గీకే పిగ్‌లు అనే పరికరాలు.