ఎయిర్‌బ్రష్‌తో మినియేచర్లకు రంగు వెయ్యడం ఎలా? (రంగు కలపడం రాకపోతే మిగతాదంతా దండగ)

మా బరంపురంలో (ఒడిశాలోది) టేబుల్‌టాప్ ఆటల బొమ్మలకు రంగులేసేవాళ్లం వేళ్లమీద లెక్కపెట్టేంత మందిమి. అందులో ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్ను) కొన్న ప్రతివాడూ నెల తిరక్కుండా నాకు ఫోన్ చేస్తాడు. "అన్నాయ్, మిషను పాడైపోనాది, రంగు రాట్లేదు." తీసుకురమ్మంటాను. విప్పి చూస్తే మిషనుకి ఏ రోగమూ ఉండదు. లోపల రంగు పెరుగులా తోడుకుని ఉంటుంది, అంతే.

కొనాల్సినవి

డ్యూయల్ యాక్షన్ గన్ను (ట్రిగ్గర్ నొక్కితే గాలి, లాగితే రంగు వచ్చేది), రంగు పోసే కప్పు పైనుండేది. నాజిల్ (రంగు బయటికొచ్చే మొన) 0.4 మి.మీ. 0.2 అయితే సన్నగీతలు వస్తాయని ఎవరైనా చెబితే వినకండి, మొదటి ఏడాది మీకు సన్నగీతలు రావు, పూడిపోవడాలే వస్తాయి. 3 లీటర్ల ట్యాంకున్న చిన్న కంప్రెసర్, దానికి ప్రెజర్ రెగ్యులేటర్ (గాలి ఒత్తిడి సరిచేసేది), మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని నీళ్లు పట్టేసేది). ట్యాంకు లేనిది కొనకండి. గాలి దడదడా కొట్టుకుంటూ వస్తుంది. ట్యాంకుంటే మధ్యలో కరెంటు పోయినా మిగిలిన గాలితో అర నిమిషమైనా గన్ను కడుక్కోవచ్చు.

వినాయకుడి విగ్రహాలకు కొట్టే స్ప్రే గన్ను ఇంట్లో ఉంది కదా అని దానితో మొదలెట్టినవాణ్ణి కూడా చూశాను. ఆ నాజిలు 1 మి.మీ. పైమాటే. 28 మి.మీ. ఎత్తు బొమ్మ మీద అది కొడితే కళ్లూ ముక్కూ పూడిపోయి ముద్దపప్పులా తయారవుతుంది.

మాస్కు ఎన్-95 ఉండాలి. నీళ్ల రంగే కదా అనకండి, నీళ్ల రంగు పొగమంచైనా ఊపిరితిత్తుల్లోకి వెళ్లాల్సిన పని లేదు. కిటికీ తెరవండి. బొమ్మని సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సీసా మూతకి అతికించండి. ఇక్కడితో సులువైన పని అయిపోయింది.

రంగు పల్చన చెయ్యడం

ఇక్కడ తొందరపడొద్దు. చిక్కదనం ఎంతుండాలి అంటే అందరూ "పాలలా" అంటారు. ఏ పాలు? గేదెపాలా, హోటల్లో టీకి పోసే పాలా? నేనైతే వెన్న తీసిన పాలంటాను. అంబలిలా ఉంటే నాజిల్లో ఇరుక్కుంటుంది. తరవాణి తేటలా ఉంటే బొమ్మ మీద పడగానే గాలికి సాలెపురుగు కాళ్లలా నాలుగు వైపులా పాకుతుంది.

చుక్కల లెక్క అడగొద్దు. అందరూ ముందు అడిగేది అదే. కుంచెతో వేసే రంగైతే ఒక చుక్క రంగుకి ఒక చుక్క థిన్నర్‌తో మొదలుపెట్టండి, అంతవరకే చెప్పగలను. ఆ తర్వాత ప్రతి సీసా దాని దారి దానిదే. ఒకే కంపెనీ తెలుపూ నలుపూ ఒక్కలా ఉండవు. తెలుపు ఎప్పుడూ మొండిదే. ఎయిర్‌బ్రష్ కోసమే అమ్మే రంగులు పల్చగానే వస్తాయి, కానీ వాటిని కూడా చూడకుండా పొయ్యకండి.

గన్ను కప్పులో కలపకండి. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత ఉంటుంది చూడండి, అందులో కలపండి. ముందు థిన్నర్, తర్వాత రంగు. ఈ వరస తిరగబడితే చిక్కటి రంగు అడుగున కూర్చుని ఎంత కలిపినా ముద్దలు విడవవు. పాత కుంచెతో నెమ్మదిగా తిప్పి, ఆ రంగుని మూత లోపలి గోడకి రాయండి. జారి కిందికి దిగాలి, దిగిన దారంతా పల్చటి పొర మిగలాలి. పాలు తాగేశాక గ్లాసు గోడకి మిగిలే పొరలాగ. పొర మిగలకుండా మూత గోడ బయటపడిందంటే నీళ్లెక్కువయ్యాయి. జారకుండా అక్కడే కూర్చుందంటే ఇంకో చుక్క థిన్నర్.

థిన్నరంటే హార్డ్‌వేర్ షాపులో ఎనామెల్ పెయింట్‌కి ఇచ్చేది కాదు. అది అక్రిలిక్‌లో (మనం వాడే నీళ్ల రంగు ఇదే) పోస్తే పాలలో నిమ్మకాయ పిండినట్టే. మా పెద్దమ్మ కొడుకు ఆ పని చేసి, గన్ను లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బిపోయాయని నా మీద కేకలేశాడు. అక్రిలిక్ థిన్నర్ దొరక్కపోతే ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, అందులో ఫ్లో ఇంప్రూవర్ (రంగు సమంగా పరుచుకునేలా చేసే ద్రవం) ఒక చుక్క తప్పనిసరి. ఉత్త నీళ్లతో రంగు ప్లాస్టిక్ మీద పూసలుగా నిలబడిపోతుంది.

ఇంకో తంటా మన వాతావరణం. ఏప్రిల్, మే ఎండల్లో రంగు నాజిల్లో ఉండే సూది మొన మీదే ఎండిపోతుంది. కొడుతూ కొడుతూ ఉంటే ఒక్కసారి ఆగి, తుపుక్కున ఉమ్ముతుంది. అప్పుడు ప్రెజర్ పెంచకండి! పెంచితే గాలి ఇంకా తొందరగా ఎండబెడుతుంది. రంగులో రిటార్డర్ (రంగు తొందరగా ఆరకుండా చేసే ద్రవం) ఒక చుక్క కలపండి, రెండు నిమిషాలకోసారి తడి దూదిపుల్లతో సూది మొన తుడవండి. వానాకాలంలో కథ తిరగబడుతుంది. గోపాలపూర్ సముద్రం సుమారు 15 కిలోమీటర్లే, గాలినిండా తేమ. కంప్రెసర్‌లో నొక్కిన గాలి వేడెక్కి, గొట్టంలో చల్లారేసరికి అందులోని తేమ నీళ్లవుతుంది. ట్రాప్ నిండితే ఆ నీళ్లు రంగుతోపాటు బొమ్మ మీదికే. మొదలుపెట్టే ముందు ట్రాప్ కింద పిన్ను నొక్కి నీళ్లు వదిలేయండి.

ప్రెజర్ 18 నుంచి 20 పి.ఎస్.ఐ. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని చూసి పెట్టండి. వదిలినప్పుడు రెగ్యులేటర్ ముల్లు ఎక్కువే చూపిస్తుంది.

కొట్టడం

ముందు కాగితం మీద. ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. గాలి ముందు రావాలి, చివర ఆగాలి. రంగు మూసి, తర్వాతే గాలి వదలాలి. ఈ ఒక్కటి వేలికి అలవాటు అయ్యేదాకా బొమ్మ ముట్టుకోకండి.

తర్వాత బొమ్మ మొత్తం నల్ల ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత), 10 నుంచి 15 సెం.మీ. దూరంలో, పల్చటి పొరలుగా. ఎక్కువ దూరం నుంచి కొడితే రంగు గాల్లోనే ఎండి గరుకు కాగితంలా అవుతుంది. ఆరాక 45 డిగ్రీల వాలు నుంచి బూడిద రంగు, చివర్లో నడినెత్తి మీద నుంచి తెలుపు. ఎండ ఎక్కడ పడుతుందో బొమ్మే చెబుతుంది. దాని మీద పల్చటి రంగు వేస్తే నీడలు వాటంతటవే తేలతాయి.

ఎయిర్‌బ్రష్ కొన్నాక కొందరు కుంచె పారేస్తారు. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులివేషాలు చూస్తాం కదా, ముందు ఒళ్లంతా పసుపు పులుముతారు, ఆ తర్వాత కుంచె పట్టుకుని చారలు. గన్ను పని పసుపు వరకే. చారలకి కుంచే.

కడగడం

రంగు మార్చిన ప్రతిసారీ కప్పులో నీళ్లు పోసి, నాజిల్ మొనని తడిగుడ్డతో మూసి ట్రిగ్గర్ లాగండి. కప్పులోకి బుడగలొస్తాయి, లోపలి మురికి పైకి తేలుతుంది. ఇలా రెండుసార్లు. పని ముగిశాక క్లీనర్ కొట్టి, సూదిని వెనక నుంచి తీసి తుడవండి. నాజిల్‌ని స్పానర్‌తో బిగించకండి, వేళ్లకి తగిలేంత బిగువు చాలు. మెడలో సన్న మర ఉంటుంది, చిట్లితే కప్పులో ఊరికే బుడగలు వస్తుంటాయి. నాజిల్ విప్పేటప్పుడు సింకు రంధ్రానికి గుడ్డ కుక్కండి. బియ్యపుగింజంత ఉంటుంది అది. నాది ఒకటి దొడ్డి కాలువలోకి పోయింది, కొత్తది వచ్చేదాకా పన్నెండు రోజులు గన్ను షోకేసులోనే ఉంది.