కొత్త జట్టుకు కోలాటం: ఏది తగ్గించాలి, ఏది ఉంచాలి

కొత్తవాళ్ల కోసం జానపద ఆట ఎంచుకునేటప్పుడు, ఆడే మనిషి ఒకేసారి ఎన్ని పనులు చూసుకోవాలో ముందు లెక్కపెట్టండి. గొబ్బి, బతుకమ్మ ఆటల్లో వలయంగా నడవడం, వంగి చప్పట్లు కొట్టడం, అంతే. అలాంటివి ఒక్క పూటలో పట్టుబడతాయి. చెక్క భజనకు వచ్చేసరికి కాళ్లు, చెక్కలు, పాట మూడూ ఒకేసారి నడవాలి. అరకు ధింసాలో అడుగు తేలికే కానీ చేతులు పక్కవాళ్ల వీపుల వెనక ముడిపడి ఉంటాయి కాబట్టి ఒకరు తడబడితే వరసంతా ఊగిపోతుంది. మొదట్లో ఆరుగురి వరసతో, చేతులు ముందు పట్టుకుని ఆడించవచ్చు. అడుగు కుదిరాక మాత్రం చేతులు వెనక్కి వెళ్లాలి. ఆ పట్టే లేకపోతే అది ధింసా అనిపించుకోదు. తలమీద బరువు మోసే గరగల జోలికి మొదటి ఏడాది పోకండి.

కోలాటంలో పనులు నాలుగు: కాళ్లు, రెండు కోలలు, ఎదుటి జత, చోటు మార్పు. అయినా కొత్తవాళ్లకు దాన్నే సిఫారసు చేస్తాం. ఈ నాలుగింటినీ విడదీసి ఒక్కొక్కటిగా నేర్పొచ్చు.

పదహారు మందితో లెక్క చూద్దాం. మధ్యలో ఒకరు తాడు కొస పట్టుకుని నిలబడితే, అయిదడుగుల తాడుతో ఒక వలయం, ఎనిమిదడుగుల తాడుతో ఇంకొకటి సుద్దతో గీయండి. లోపల ఎనిమిది మంది బయటికి చూస్తూ, బయట ఎనిమిది మంది లోపలికి చూస్తూ నిలబడతారు. ఈ గీతలు దండగ పని అనుకోవద్దు. కోల తగలాలన్న ఆత్రంలో అందరూ ముందుకు జరుగుతారు, రెండు నిమిషాల్లో వలయాల మధ్య ఎడం గుప్పెడంత అయిపోతుంది. గీత ఉంటే ఎవరు జరిగారో వాళ్లకే తెలుస్తుంది.

మొదటి పూట కోలలు ఇవ్వకండి, ఉట్టి చప్పట్లే. కోపు అంటే అడుగులూ దెబ్బలూ కలిసిన ఒక వరస. మొదటి కోపు ఎనిమిది దెబ్బలది. ఒకటికి తన చప్పట్లు, రెండుకు ఎదుటివాళ్ల కుడిచేతికి తన కుడిచెయ్యి, మూడుకు మళ్లీ తన చప్పట్లు, నాలుగుకు ఎడమకు ఎడమ. అయిదు నుంచి ఎనిమిది వరకు దెబ్బకొకటి చొప్పున నాలుగు అంగలు వేస్తూ, తన చప్పట్లు తనే కొట్టుకుంటూ కుడివైపు జతకు మారాలి. మారేది బయటి వలయం మాత్రమే. లోపలివాళ్లు ఉన్నచోటే అడుగు తొక్కుతారు. బయటివాళ్లు ఒక్కో మార్పులో ఆరడుగుల పైచిలుకు దూరం పోవాలి, అంటే అంగ అడుగున్నర. పొట్టి కాళ్ల పిల్లల్ని బయట నిలబెడితే పరుగెత్తి ఆయాసపడతారు, వాళ్లని లోపల పెట్టండి.

ఎనిమిది మార్పిళ్ల తరవాత మొదటి జత తిరిగి ఎదురవ్వాలి. ఎదురవకపోతే ఎవరో ఒకరిని దాటేశారన్నమాట. ఆట ఆపి తిట్టే బదులు, తరవాతి ఆవృతంలో, అంటే మొదటి జత తిరిగి ఎదురయ్యేదాకా నడిచే చుట్టులో, జతల పేర్లు పైకి అనిపించండి, తప్పెక్కడో బయటపడుతుంది.

తరవాత రెండు వలయాలూ ఎవరి కుడికి వాళ్లు కదిలే కోపు నేర్పుతారు. ఇక్కడో తమాషా ఉంది. ఎనిమిది జతలతో అలా ఆడితే నాలుగు మార్పిళ్లకే మొదటి జత వచ్చేస్తుంది, మిగతా నలుగురు ఎప్పటికీ తగలరు. అదే ఏడు జతలైతే అందరూ అందరికీ తగులుతారు. కాబట్టి పదిహేను మంది వచ్చారని బెంగపడకండి. ఏడు జతలు కట్టి, మిగిలినవాళ్ల చేతికి తాళాలు ఇవ్వండి.

రెండో పూట కోలలు. మోచేతి నుంచి వేళ్ల కొసదాకా ఉండే పొడవు చాలు. చివర నుంచి నాలుగు వేళ్ల పైన, వదులుగా పట్టుకోవాలి. బిగించి పట్టుకుంటే దెబ్బ అదురు మణికట్టుకు ఎక్కి పది నిమిషాల్లో చెయ్యి లాగుతుంది. మధ్యలో పట్టుకుంటే ఎదుటి కోల వచ్చి బొటనవేలి మీద పడుతుంది. కొత్తవాళ్లకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం ఇదే. కోలలు రొమ్ము ఎత్తున, పై మూడో వంతు దగ్గర అడ్డంగా కలవాలి, కంటి ఎత్తుకు లేవకూడదు. చిన్నపిల్లలైతే ముందు గట్టిగా చుట్టిన పేపరు గొట్టాలతో ఆడించండి. కుడి ఎడమలు తారుమారవుతుంటే కుడి కోలకు రంగు గుడ్డ పీలిక కట్టండి.

నేర్పేవాళ్లు వలయం మధ్యలో నిలబడితే సగం మందికి వీపే కనిపిస్తుంది. మీరూ ఒక జతలో దూరి ఆడండి.

ఇక వేగం. పాడేవాళ్లే ఆడుతుంటే పాట దానంతటదే పరుగందుకుంటుంది, ఆయాసానికి చరణం తెగుతుంది. ఆడని మనిషి ఒకరు తాళం పట్టాలి. నిమిషానికి 70, 80 దెబ్బల మధ్య మొదలుపెట్టి, కోపు తప్పకుండా మూడు ఆవృతాలు నడిచాకే పెంచండి. పాట కూడా ఎనిమిది దెబ్బలకు ఒక పాదం ముగిసేదే తీసుకోండి. ముందు గురువు అంటే వెనక జట్టు అందుకోవాలి, అప్పుడు ఊపిరి నిలుస్తుంది.

అయిదు నిమిషాల ప్రదర్శనకు మూడు కోపులు చాలు. కొత్త కోపు ఎక్కడ మొదలవుతుందో అందరికీ తెలియాలి కాబట్టి, మారే ముందు గురువు ఒక కేక వెయ్యాలి. ఆ కేకకు, మార్పుకు మధ్య నిండుగా ఎనిమిది దెబ్బల వ్యవధి ఇవ్వండి. నాలుగే ఇస్తే కొందరు మారిపోతారు, మిగతావాళ్లు పాత కోపులోనే ఉండి కోలలు గాలిలో ఊపుతారు.

పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఆడుతూ వాటిని జడలా అల్లి, మళ్లీ విప్పే జడకోలాటం మీద మనసుపోతుంది, సహజమే. అందులో ఒకరు ఒక్కసారి తప్పు పక్కన దూరినా అప్పటికి తెలియదు. జడ విప్పేటప్పుడు ముడి బిగిసి అందరూ ఆగిపోతారు. కోపులు చూసుకోకుండా ఆడగలిగాక, ముందు తాళ్లు లేకుండా ఆ దూరడాలు, వెనక్కి రావడాలు నేల మీద నడిపించి చూడండి.