డబ్బు వెళ్లే దారి – 3వ పాఠం: మూడు చేతుల లెక్క

పోయిన పాఠంలో మీ వ్యాపారం చుట్టూ ఒక గీత గీయమన్నా కదా, మీ దృష్టిలో "లోకల్" అంటే ఎంతవరకో తేల్చుకోమని. 20 కిలోమీటర్లు పెట్టుకున్నా 50 పెట్టుకున్నా పర్లేదు కానీ లెక్క మధ్యలో మాత్రం గీత జరపొద్దు, నంబర్ బాగా రావట్లేదని గీతనే పెద్దది చేసేసినవాళ్లని చూశా. ఇంకా గీయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి.

ఇవాళ్టి లెక్క పేరు ఎల్ఎం3, అంటే లోకల్ మల్టిప్లయర్ 3, మీకొచ్చిన డబ్బు గీత లోపలే ఎంత తిరుగుతుందో చెప్పే లెక్క. లండన్‌లో ఉన్న న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ వాళ్లు 2002లో దీన్ని బయటికి తెచ్చారు. పేరు చూసి కంగారుపడకండి, నాలుగు కూడికలు, ఒక భాగహారం, అంతే. డబ్బు మూడు చేతులు మారేదాకా దాని వెంటపడతాం, తర్వాత వదిలేస్తాం, ఎందుకంటే నాలుగో చేతికి వెళ్లేసరికి మిగిలేది తక్కువ, వెతుక్కునే తిప్పలు ఎక్కువ.

మొదటి చేయి మీదే. ఏడాదిలో వచ్చిన మొత్తం 100 అనుకుందాం. అందులో జీతాలు 30, సరుకు 40, అద్దె 10, వడ్డీలు పన్నులు కలిపి 12, మీరు ఇంటికి తీసుకెళ్లేది 8.

రెండో చేయి అంటే, ఈ 100లో గీత లోపల ఉన్నవాళ్లకి ఎంత వెళ్లిందని. జీతాల్లో 20 లోపల ఉండేవాళ్లవి, మిగతా 10 బయటి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లవి. సరుకులో 12 లోపలి సప్లయర్లకి. బిల్డింగ్ ఓనరు ఎక్కడో ఉంటాడు కాబట్టి అద్దె సున్నా, వడ్డీలు పన్నులూ సున్నా. మీ 8 లోపలే. మొత్తం 40.

మూడో చేయి, ఆ 40 అందుకున్నవాళ్లు అందులో ఎంత మళ్లీ లోపలే ఖర్చుపెట్టారని. స్టాఫూ మీరూ కలిపి 28 కదా, సగం లోపల పెట్టారనుకుంటే 14. సప్లయర్లు తమ 12లో 3 మాత్రమే లోపల పెట్టారు. మొత్తం 17.

ఇప్పుడు 100, 40, 17 కూడితే 157, దాన్ని 100తో భాగిస్తే 1.57. ఈ నంబర్ 1కీ 3కీ మధ్యే ఉంటుంది. 1 వచ్చిందంటే వచ్చింది వచ్చినట్టే బయటికి పోయిందని, 3 అంటే ఒక్క పైసా కూడా గీత దాటలేదని, అది ఎక్కడా జరగదు లెండి.

నేను మొదటిసారి ఒక చిన్న ప్రింటింగ్ యూనిట్‌కి ఈ లెక్క వేసినప్పుడు బిల్లు మీద అడ్రస్ చూసుకుంటూ లోకల్, లోకల్ అని టిక్కులు పెట్టుకుంటూ పోయా, నంబర్ బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత కాయితం ఇచ్చే అతనికి ఫోన్ చేస్తే తెలిసింది, అతనికి అక్కడ ఉన్నది ఒక గోడౌనూ ఇద్దరు మనుషులూ, సరుకంతా బయటిదే. మీరు కూడా ఇక్కడే పడతారు, అందుకే లెక్కేసి చూపిస్తా. బయట కొంటున్న సరుకులో 10ని లోపలికి మార్చారనుకోండి. తనే తయారుచేసి, వచ్చినదాంట్లో 60 శాతం లోపలే ఖర్చుపెట్టే మనిషికిస్తే మీ నంబర్ 1.73 అవుతుంది. బయట తయారైంది తెచ్చి అమ్మే డీలర్‌కిచ్చి, అతను 25 శాతమే లోపల పెడితే దాదాపు 1.70. రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తున్నాయి కదా, కానీ మూడో చేతిలో ఒకచోట 6 మిగిలింది, ఇంకోచోట రెండున్నర. ఆఖరి నంబర్ కన్నా మూడో చేతి కాలమ్ ముఖ్యం అని నేను ఊరికే అనట్లేదు.

ఇంకోటి, ఈ లెక్కకి దొరకనిది. లోకల్ సప్లయర్ దగ్గర 10కి కొని డబ్బులు 90 రోజులకి ఇచ్చారనుకోండి, షీట్‌లో 10కి 10 లోకల్ అనే పడుతుంది. ఆ మూణ్ణెల్లూ అతను వడ్డీకి తెచ్చుకుని నెట్టుకొస్తాడు, ఆ వడ్డీ గీత బయటికి పోతుంది. అందుకే బిల్లు తేదీ, డబ్బు చేతికిచ్చిన తేదీ పక్కపక్కన రెండు కాలమ్‌లు పెట్టండి. లోకల్ అని చెప్పుకుంటూ బాకీలు నానబెట్టేవాళ్లకన్నా బయట కొని టైముకి కట్టేవాళ్లే నయం అనిపిస్తుంది నాకైతే.

ఇది చిన్న వ్యాపారాలకే పనికొస్తుందనుకోవద్దు. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో సిటీ కౌన్సిలూ మరికొన్ని పెద్ద సంస్థలూ కలిసి తమ కొనుగోళ్లు ఎటు పోతున్నాయో బిల్లుల్లో వెతికితే 2012-13లో ఊళ్లో ఖర్చయ్యేది 5 శాతమే అని తేలింది, 2016-17కి అది 18 శాతం దాకా వచ్చింది. పెద్ద కాంట్రాక్టుల్ని ముక్కలుచేసి చిన్నవాళ్లు కూడా టెండర్ వేయగలిగేలా చేయడం అందులో ఒక దారి.

ఈ వారం పని: పోయిన మూడు నెలల బిల్లులు తీసి రెండో చేయి పూర్తి చేయండి. మూడో చేతికి పెద్ద సప్లయర్లు ఐదుగురికి ఫోన్ చేస్తే చాలు, "మీకొచ్చేదాంట్లో సుమారు ఎంత ఈ చుట్టుపక్కలే ఖర్చవుతుంది" అని అడగండి. స్టాఫ్‌ని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు, జీతమిచ్చే మనిషి ఖర్చుల లెక్క అడిగితే ఎవరికైనా ఇబ్బందే. పేరు రాయని చీటీ మీద పావు, సగం, ముప్పావు అని మూడు గడులు గీసి టిక్ పెట్టమనండి, ఒక డబ్బాలో వేయించండి.

వచ్చే పాఠంలో లాభం సంగతి, 1844లో ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి పెట్టిన సహకార సంఘం మిగులుని ఎవరెంత కొన్నారో చూసి ఎలా పంచిందో అక్కడి నుంచి మొదలుపెడదాం.