రీకాల్ ఉత్తరం పాత ఓనర్ ఇంటికి పోయింది: లారీ వైరింగ్ విషయంలో మనం చేసుకోవాల్సినవి

మాకు కోదాడలో రెండు లారీలున్నాయి. మేళ్ళచెరువు వైపు సిమెంటు ఎత్తి విజయవాడ, గుంటూరుల్లో దించి వస్తాయి. రెండోది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఒక రాత్రి పదకొండున్నరకి, చిల్లకల్లు టోల్ దాటాక మా డ్రైవర్ ఫోన్ చేశాడు. "అక్కా, క్యాబిన్‌ల ప్లాస్టిక్ కాలిన వాసనొస్తుంది. హెడ్‌లైట్లు ఒక్కసారి డిమ్మయి మళ్ళొచ్చినయ్." బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపి, బ్యాటరీ కరెంటు మొత్తం తెంచేసే కటాఫ్ స్విచ్ తిప్పెయ్యమన్నాను. "అది పనిచేస్తలేదక్కా, ఎప్పుడో డైరెక్ట్ చేసిన్రు" అన్నాడు. ఆ కటాఫ్ సంగతి బండి కొన్న రోజే నేను చూసుకోవాల్సింది. పానాతో బ్యాటరీ నెగటివ్ విప్పించి, క్లీనర్‌తో సహా ఇద్దర్నీ క్యాబిన్‌లో పడుకోవద్దని చెప్పాను. ఆ రాత్రి వాళ్ళు దాబా మంచాల మీదే పడుకున్నారు.

తెల్లారి ఎలక్ట్రీషియన్ భాయ్‌తో పాటు నేనూ వెళ్ళాను. క్యాబిన్ ఎత్తి టార్చి వేశాడు. బ్యాటరీల నుంచి ఇంజిన్‌ని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్‌కి వెళ్ళే లావు కేబుల్ ఛాసిస్ మలుపు దగ్గర ఒక బోల్టు తల మీద ఆనుకుని ఉంది. దాన్ని పట్టి ఉంచాల్సిన క్లాంపు లేదు. బోల్టు తల మీద రంగంతా పోయి, ఇనుము కొత్త చెంచాలా మెరుస్తోంది. కేబుల్ తిప్పి చూస్తే పైతొడుగు అరిగి, బొటనవేలి గోరంత మేర రాగి పోగులు బయటపడ్డాయి. పక్కనే ఉన్న సన్న వైర్ల స్లీవ్ కరిగి అతుక్కుపోయింది. ఇంకో రెండు ట్రిప్పులు తిరిగి ఉంటే ఏమయ్యేదో భాయ్ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ బ్యాచ్ బళ్ళని సరిగ్గా ఆ క్లాంపు కోసమే కంపెనీ రీకాల్ చేసింది, అంటే తయారీలో లోపం ఉందని బాగుచేయడానికి వెనక్కి పిలిచింది. ఉత్తరం మాత్రం మొదటి ఓనర్ అడ్రసుకి వెళ్ళింది. ఆయన బండి అమ్మేశాడు కాబట్టి పట్టించుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. సెకండ్ హ్యాండ్ బండి ఉన్నవాళ్ళు ఉత్తరం కోసం ఎదురు చూడొద్దు, మీరే కనుక్కోండి.

కనుక్కోవడానికి కావాల్సింది ఛాసిస్ నంబర్. ఆర్‌సీలో ఉంటుంది, ఛాసిస్ మీద కూడా కొట్టి ఉంటుంది. మొత్తం 17 అంకెలు, అక్షరాలు. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ రావు. అంటే ఓ లాగా కనిపించేది సున్నా, ఐ లాగా కనిపించేది ఒకటి. నేను మొదటిసారి సున్నా బదులు ఓ చెప్పాను, "ఈ నంబర్ మీద ఏ బండీ లేదు" అన్నారు. రెండు రోజులు అలా పోయాయి. ఆర్‌సీ ఫోటో పక్కన పెట్టుకుని కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "ఈ ఛాసిస్ నంబర్ మీద చేయాల్సిన రీకాల్ పని ఏదైనా మిగిలి ఉందా?" మోడల్ పేరు చెప్పి అడిగితే సరైన జవాబు రాదు. ఒకే మోడల్‌లో కొన్ని నెలల్లో తయారైన బళ్ళకే రీకాల్ ఉండొచ్చు. జవాబు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో తెప్పించుకోండి. అలాగే బండి కొనగానే ఫారం 29, 30 పెట్టి ఆర్‌సీ మీ పేరు మీదకి మార్చుకోండి, బళ్ళ రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ పోర్టల్ వాహన్‌లో మీ ఫోన్ నంబర్ ఎక్కించుకోండి.

రీకాల్ పని ఉచితం. పార్టుకీ, లేబర్‌కీ పైసా ఇవ్వక్కర్లేదు. మేం వెళ్ళిన సర్వీస్ సెంటర్‌లో ముందు "వారంటీ అయిపోయింది మేడమ్" అన్నారు. వారంటీ వేరు, రీకాల్ వేరు. ఆ మాట గట్టిగా చెప్పి, బండికి చేసే పని రాసే జాబ్ కార్డు మీద "రీకాల్" అని రాయించాకే తాళాలు ఇచ్చాను. మీరూ అలాగే చేయండి. పని అయ్యాక జాబ్ కార్డు కాపీ తీసుకోండి, మార్చిన చోటు ఫోటో తీసుకోండి. రేపు ఇన్సూరెన్స్ సర్వేయర్ అడిగితే చూపించడానికి అవే ఉంటాయి.

మీ బండికి రీకాల్ లేదన్నారు, లోపం మాత్రం మీ కళ్ళకి కనిపిస్తోంది అనుకోండి. అప్పుడు వాహన్ పోర్టల్‌లో రీకాల్ ఫిర్యాదు పెట్టొచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సెక్షన్ 110ఎ వచ్చింది. దాని రూల్స్ 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారై ఏడేళ్ళు దాటని బళ్ళకి వర్తిస్తాయి. ప్రభుత్వం రీకాల్ చేయమని ఆర్డర్ వేస్తే కంపెనీకి కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఒక్కరం పెడితే ఏమవుతుందని ఊరుకోకండి. ఒకే లోపం మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్నది అక్కడ లెక్కలోకి వస్తుంది.

పని అయ్యేదాకా బండి నడపాలా వద్దా అన్నది అందరికీ ఉండే టెన్షన్. మాకూ నెలనెలా ఫైనాన్స్ కట్టాలి. అయినా కంపెనీ నడపొద్దంటే నడపకండి. నడపొచ్చు అన్నా సరే, ఎక్కడ ఆగినా కటాఫ్ ఆఫ్ చేయాలి, క్యాబిన్‌లో ఎవరూ పడుకోకూడదు, షెడ్డులో, ఇంటి గోడ పక్కన, ఇంకో బండికి ఆనించి పెట్టకూడదు. కీ తీసేశాం కదా అనుకుంటారు. సెల్ఫ్ కేబుల్‌కి కీతో సంబంధం లేదు. రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు రాత్రంతా అందులో ఉంటాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వందల ఆంపియర్లు లాగుతుంది కాబట్టి చాలా బళ్ళలో ఆ కేబుల్‌కి ఫ్యూజు ఉండదు. రాగి ఛాసిస్‌కి తగిలిందంటే కరెంటుని ఆపేది ఏదీ లేదు, కేబుల్ ఎర్రగా కాలాల్సిందే.

నెలకోసారి మీరే చూసుకోవాల్సినవి ఉన్నాయి. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. పాజిటివ్ ముందు విప్పితే పానా ఛాసిస్‌కి తగిలి నిప్పులు లేస్తాయి. తర్వాత టార్చి పట్టుకుని, బ్యాటరీ పెట్టె నుంచి సెల్ఫ్ దాకా, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో దాకా కేబుల్ వెంట చెయ్యి పోనివ్వండి. కళ్ళకి కనిపించని అరుగుదల వేళ్ళకి దొరుకుతుంది. క్యాబిన్ ఎత్తినప్పుడల్లా వైర్లు మడతపడే చోటు, రేకు బెజ్జంలోంచి వైరు దూరే చోట రబ్బరు ఉందా లేదా, సైలెన్సర్ దగ్గరగా పోయే వెనక లైట్ల వైరు, ఈ మూడూ వదలకండి. ఛాసిస్ మీద ఎక్కడైనా రంగు పోయి మెరుస్తుంటే అక్కడ ఏదో రాసుకుంటోందన్నమాట. అరిగిన లావు కేబుల్‌కి టేపు చుట్టి వదిలేయకండి. ఆ వేడికి, ఆయిల్‌కి టేపు ఊడిపోతుంది. కేబులే మార్చాలి, క్లాంపు పెట్టాలి.

ఇక మనం చేసే పొరపాట్లు. కంపెనీ మీద కోపం ఎంత ఉన్నా ఇవి చెప్పాలి. ముందు నాలుగు ఎక్స్‌ట్రా లైట్లు, ఒక్కోటి 100 వాట్లు పెట్టామనుకోండి. 400ని 24తో భాగిస్తే దాదాపు 17 ఆంపియర్లు. దాన్ని పార్కింగ్ లైటు సన్న వైరుకి కలిపేస్తారు. వైరు వేడెక్కక ఏం చేస్తుంది? ఎక్స్‌ట్రా ఏది పెట్టినా వేరే లావు వైరు, సన్న స్విచ్ వైరుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే రిలే, బ్యాటరీ దగ్గరే దాని ఫ్యూజు ఉండాలి. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. డ్రైవర్లకి అది చాలా అవసరం, నాకూ సంతోషమే. పాత బండికి బయట ఏసీ పెట్టించేవాళ్ళు మాత్రం డైనమో ఆ లోడు మోస్తుందో లేదో ముందు అడగండి. ఫ్యూజు పోతే దాని మీద రాగి తీగ చుట్టే అలవాటు మా బండిలోనూ కనిపించింది. ఇప్పుడు డ్యాష్‌బోర్డులో 10, 15, 20 ఆంపియర్ల ఫ్యూజులు డబ్బా నిండా పెట్టి ఇస్తున్నాను.

ఇంత చూసుకున్నా పొగ వస్తే, బండి పక్కకి తీసి ఇంజిన్, కటాఫ్ ఆపి దిగిపోవాలి. క్యాబిన్ కింద మంట ఉన్నప్పుడు క్యాబిన్ ఎత్తకూడదు, గాలి తగిలి ఒక్కసారిగా లేస్తుంది. కరెంటు తెగలేదంటే నీళ్ళు పోయకూడదు, పౌడర్ సిలిండర్‌తో మంట మొదట్లోనే కింద నుంచి కొట్టాలి. అది సీటు వెనక సామాన్ల కింద కాదు, తలుపు పక్కన ఉండాలి. ఆ సిలిండర్‌కి లొంగలేదంటే దూరంగా జరిగి 101కో 112కో కొట్టాలి, హైవే మీదైతే 1033 కూడా. మా వాళ్ళకి ముందే చెప్పేశాను: లోడు ఏమైందో, బండి ఏమైందో నేను అడగను, ఇద్దరూ దిగాక నాకు ఫోన్ చేయండి.