టైరు లోపలి అంచు అరిగిపోతోందా? క్యాంబర్‌ని తిట్టే ముందు టో చూడండి

కారు కిందికి దించి (అంటే ఎత్తు తగ్గించి), మెత్తటి గ్రిప్ టైర్లు వేసుకున్నవాళ్లు చాలామంది "క్యాంబర్ ఎక్కువైంది, అందుకే టైర్లు తినేస్తోంది" అంటుంటారు (క్యాంబర్ అంటే చక్రం నిలువుగా కాక పక్కకి వాలిన కోణం, పైభాగం లోపలికి వాలితే మైనస్). నేనూ అలాగే అనుకుని ఒక జత టైర్లు పోగొట్టుకున్నాను. బయట నిలబడి చూస్తే గాడి ఇంకా బోలెడంత ఉంది, తీరా స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వంగి లోపలివైపు చూస్తే అంచున వేలెడు వెడల్పున రబ్బరే లేదు, తీగలు మెరుస్తున్నాయి. అప్పటికి క్యాంబర్ మైనస్ 1.8 డిగ్రీలే. అసలు దొంగ టో, అంటే పైనుంచి చూస్తే చక్రం తిన్నగా కాక పక్కకి తిరిగి ఉండటం. ముందు అంచు లోపలికి తిరిగితే టో ఇన్, బయటికి తిరిగితే టో అవుట్.

లెక్క వేసి చూడండి. 17 అంగుళాల రిమ్ అంటే దాదాపు 432 మి.మీ. దాని ముందు అంచుకీ వెనక అంచుకీ 2 మి.మీ. తేడా ఉందంటే చక్రం పావు డిగ్రీకి పైగా పక్కకి చూస్తోందన్నమాట, అంటే మీరు తిన్నగా ఒక కిలోమీటరు వెళ్తే ఆ టైరు నాలుగున్నర మీటర్లు అడ్డంగా ఈడ్చుకుంటూ వస్తుంది. క్యాంబర్ బరువుని లోపలి అంచు మీదకి తెస్తుంది, టో అవుట్ ఆ బరువు మోస్తున్న అంచుని రోడ్డుకేసి రుద్దుతుంది. రెండూ కలిస్తే టైరు నిలవదు. పొట్టి స్ప్రింగులు వేసినప్పుడు టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) కోణం మారి టో దానంతటదే జరిగిపోతుంది కాబట్టి, కారు దించాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) చూసుకోకుండా అస్సలు తిరగకండి.

ముందు అరచేతితో చూడండి. బండి చల్లారాక ముందు టైరు మీద బయటి నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి మెల్లగా నిమరండి. తీగలు బయటపడి ఉంటే మాత్రం చెయ్యి పెట్టొద్దు, కోసుకుంటుంది. లోపలికి పోయేటప్పుడు నున్నగా ఉండి, బయటికి వచ్చేటప్పుడు గరుగ్గా రంపం పళ్లలా తగిలితే టో ఇన్ ఎక్కువైంది, దానికి తిరగబడితే టో అవుట్. ఏవైపు నిమిరినా నున్నగానే ఉండి లోపలివైపు మాత్రమే అరిగి ఉంటే అప్పుడు క్యాంబర్‌ని అనొచ్చు. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు చూపించండి.

ఏదైనా తిప్పే ముందు లూజు ఉందేమో చూడాలి. కారుని జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపితే టై రాడ్ చివరి కీలు (టై రాడ్ ఎండ్) లూజు, పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్‌దో బేరింగ్‌దో లూజు బయటపడుతుంది. బుష్ (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు) పోయిన కారుకి ఎంత చక్కగా టో పెట్టినా బ్రేక్ వేసిన ప్రతిసారీ అది మారిపోతూనే ఉంటుంది, డబ్బులు దండగ.

టో కొలవడానికి దారం చాలు. నేల సమంగా ఉండాలి, గాలి సరిగ్గా ఉండాలి, స్టీరింగ్ తిన్నగా ఉండాలి. కారుకి రెండు పక్కలా చక్రం మధ్య ఎత్తులో దారం బిగించి కట్టండి. ముందు హబ్ (చక్రం నడిమి భాగం) నుంచి దారానికి ఎడమవైపు ఎంత దూరమో కుడివైపూ అంతే ఉండాలి, వెనక హబ్‌లకీ అంతే (ముందూ వెనకా కొలతలు ఒకటి కాకపోవచ్చు, చక్రాల వెడల్పు తేడా ఉంటుంది). ఇప్పుడు స్టీల్ స్కేలుతో దారం నుంచి రిమ్ ముందు అంచుకీ వెనక అంచుకీ కొలవండి. ముందు అంచు దూరంగా ఉంటే టో ఇన్, దగ్గరగా ఉంటే టో అవుట్. లాక్ నట్ వదులు చేసి టై రాడ్‌ని పావు చుట్టు చొప్పున, రెండు పక్కలా సమానంగా తిప్పండి, లేకపోతే స్టీరింగ్ వంకర పోతుంది. తిప్పిన ప్రతిసారీ కారుని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ తోసి మళ్లీ కొలవాలి, ఇది మాత్రం ఎగ్గొట్టొద్దు, టైర్లు బిగుసుకుని ఉంటే కొలత అబద్ధం చెబుతుంది. క్యాంబర్ మార్చాలనుకుంటే అది ముందే మార్చేయండి, దాని వెంట టో కూడా కదులుతుంది.

రోజూ రోడ్డు మీదే తిరిగే స్పోర్ట్స్ కారుకి నా మాట: ముందు క్యాంబర్ మైనస్ 1.5 దగ్గర, టో సున్నా. వెనక క్యాంబర్ కాస్త తక్కువ, టో ఇన్ కొద్దిగా. వెనక టో అవుట్ మాత్రం ఉండనివ్వకండి, వేగంలో బ్రేక్ వేస్తే తోక ఊగుతుంది, ప్రమాదం.

వెనక టైర్లు వెడల్పుగా ఉంటే ముందువి వెనక్కి మార్చలేరు. కానీ ఒకే దిశలో తిరిగే టైర్లయితే, రిమ్ నుంచి ఊడదీసి ఎడమది కుడి రిమ్‌కీ, కుడిది ఎడమ రిమ్‌కీ ఎక్కించండి. తిరిగే దిశ మారదు, లోపలి అంచు బయటికి వస్తుంది. ఇది తీగలు కనిపించాక కాదు, గాడి సగం ఉండగానే చేయించాలి. అలైన్‌మెంట్ అయ్యాక లోపల, మధ్య, బయట మూడుచోట్ల గాడి లోతు కొలిచి రాసిపెట్టుకోండి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలిస్తే లోపలివైపు ఇంకా మిగతాచోట్ల కంటే వేగంగా అరుగుతోందో లేదో తెలిసిపోతుంది.