అలాస్కాలో వాణిజ్య సాల్మన్ వేట: నిబంధనలను ఏ వరుసలో తెలుసుకోవాలి, ఎలా పాటించాలి?

సాల్మన్ మంచినీటి ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకు పుట్టిన ఏటికే ఎదురీదుతుంది. గోదావరికి ఎర్రనీరు తగిలిన రోజుల్లో సముద్రం నుంచి ఎగువకు వచ్చే పులసను ఎరిగిన వారికి ఈ ప్రయాణాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అయితే పసిఫిక్ సాల్మన్ జీవితంలో ఒక్కసారే గుడ్లు పెట్టి చనిపోతుంది. ఏటికి చేరేలోపే చేపలన్నీ వలలో పడితే ఆ ఏటికి తరువాతి తరమే ఉండదు. అందువల్ల అలాస్కా నిబంధనలు ఎన్ని చేపలు ఏటిలోకి వెళ్లాలో ముందు తేల్చి, మిగిలిన వాటినే వేటగాళ్లకు వదులుతాయి. లైసెన్సు నుంచి వల పొడవు వరకు ప్రతి నియమం వెనుకా ఈ లెక్కే ఉంది. దీన్ని మనసులో ఉంచుకుంటే నిబంధనల పుస్తకం చదవడం సగం సులువవుతుంది.

ప్రపంచంలోనే అతి పెద్ద సాకై సాల్మన్ వేట జరిగే బ్రిస్టల్ బే తీరాన్ని ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాను. 2022లో అక్కడికి దాదాపు 7.9 కోట్ల సాకై చేపలు తిరిగి వచ్చాయి, అందులో 6 కోట్లకు పైగా వేటలో పట్టుబడ్డాయి.

మొదట జలాలు ఎవరివో తెలుసుకోవాలి

ఒడ్డు నుంచి మూడు నాటికల్ మైళ్ల వరకు అలాస్కా రాష్ట్రానిది అధికారం. అక్కడి నుంచి 200 మైళ్ల వరకు 1976 నాటి మాగ్నుసన్ స్టీవెన్స్ చట్టం కింద అమెరికా కేంద్ర ప్రభుత్వానిది. ఆ కేంద్ర జలాల్లో చాలా భాగంలో సాల్మన్ వాణిజ్య వేటకు అనుమతి లేదు. కుక్ ఇన్‌లెట్ అనే అఖాతంలో మాత్రం కోర్టు తీర్పుల తరువాత 2024 నుంచి కేంద్రమే నేరుగా వేటను నిర్వహిస్తోంది, కనుక అక్కడ గీత దాటిన పడవకు వేరే అనుమతులు, వేరే నివేదికలు అవసరమవుతాయి. 200 మైళ్లు దాటిన బహిరంగ సముద్రంలో, 33 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైన, సాల్మన్‌ను ఉద్దేశపూర్వకంగా పట్టడాన్ని కెనడా, జపాన్, కొరియా, రష్యా, అమెరికా సభ్యులుగా ఉన్న ఒప్పందం నిషేధిస్తుంది. అది 1993లో అమలులోకి వచ్చింది. ఏ దేశపు ఏటిలో పుట్టిన చేపపై ఆ దేశానికే మొదటి బాధ్యత అన్న న్యాయం దాని వెనుక ఉంది.

రెండు దేశాల గుండా పారే నదులకు మరో అంచె నిబంధనలు ఉంటాయి. యూకాన్ నదిలో చినూక్ అనే సాల్మన్ జాతి బాగా తగ్గిపోవడంతో అలాస్కా, కెనడా అధికారులు 2024లో ఒప్పందం చేసుకుని, ఆ చేపల వేటను ఏడేళ్ల పాటు నిలిపివేశారు. చేతిలో అన్ని అనుమతులూ ఉన్నా నదిలో చేప లేకపోతే వేట ఉండదనడానికి అంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఎంట్రీ పర్మిట్ సంపాదించడం

1959లో రాష్ట్రంగా ఏర్పడిన అలాస్కా ఎవరినైనా వేటకు రానిచ్చింది. పడవలు పెరిగి చేపలు తగ్గిపోవడంతో 1972లో ప్రజలు ఓటు వేసి రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించుకున్నారు, 1973లో పరిమిత ప్రవేశ చట్టం వచ్చింది. అప్పటి నుంచి ఒక ప్రాంతంలో, ఒక రకం వలతో వేటాడే వారి సంఖ్యకు పరిమితి ఉంది. బ్రిస్టల్ బేలో ప్రవాహంతో పాటు తేలుతూ కదిలే గిల్‌నెట్లకు (చేప మొప్పల దగ్గర చిక్కుకునే వలలకు), అంటే డ్రిఫ్ట్ వలలకు, ఉన్న పర్మిట్లు దాదాపు 1,860 మాత్రమే. కొత్తవి ఇవ్వరు. ఉన్నవారి నుంచి కొనుక్కోవాలి, లేదా వారసత్వంగా పొందాలి.

పర్మిట్ మీది సంకేతం చదవడం నేర్చుకోవడం మంచిది. ‘ఎస్ 03 టి’ అని ఉంటే ఎస్ సాల్మన్‌ను, 03 డ్రిఫ్ట్ గిల్‌నెట్‌ను, టి బ్రిస్టల్ బేను సూచిస్తాయి. ఒడ్డున కట్టి ఉంచే సెట్ నెట్‌కు అది ‘ఎస్ 04 టి’ అవుతుంది. ఒక పర్మిట్‌తో మరో ప్రాంతంలో గానీ మరో రకం వలతో గానీ వేటాడకూడదు. ఆగ్నేయ అలాస్కాలో మన తీరపు రింగు వలను పోలిన పర్స్ సీన్ వాడేవారికి పర్మిట్ పూర్తిగా వేరు.

కొనుగోలుకు సమయం పడుతుంది. అమ్మేవారు బదిలీ ఉద్దేశాన్ని 60 రోజుల ముందే పర్మిట్ల వ్యవహారాలు చూసే కమర్షియల్ ఫిషరీస్ ఎంట్రీ కమిషన్‌కు తెలియజేయాలి, కొనేవారు తాము స్వయంగా వేటలో పాల్గొనగల స్థితిలో ఉన్నామని చూపాలి. జూన్‌లో వేటకు దిగాలనుకునేవారు శీతాకాలంలోనే కాగితాలు కదిలించడం అందుకే అవసరం. పర్మిట్ వ్యక్తి పేరు మీదే ఉంటుంది, కంపెనీ పేరు మీద ఉండదు. కౌలుకు ఇవ్వడం చట్టవిరుద్ధం. ఆ వ్యక్తి వేట జరిగే చోట స్వయంగా ఉండాలి. అనారోగ్యం వంటి అనివార్య కారణాలకు తాత్కాలిక బదిలీ ఉంది గాని, దాన్ని అద్దె ఒప్పందానికి ముసుగుగా వాడుకోకూడదు. ఏటా రుసుము కట్టి పునరుద్ధరించుకోవాలి, వరుసగా రెండేళ్లు వదిలేస్తే పర్మిట్ చేజారిపోయే ప్రమాదం ఉంది.

ఈ పద్ధతి చేపలకు మేలు చేసిందనే నా అభిప్రాయం. అయితే అమ్ముకోదగ్గ ఆస్తిగా మారిన పర్మిట్లు దశాబ్దాలుగా స్థానిక గ్రామాల వారి చేతుల నుంచి బయటి వారి చేతుల్లోకి పోతున్నాయి. తరతరాలుగా అదే తీరంలో బతికిన యూపిక్ అనే ఆదివాసీ కుటుంబాల పిల్లలు పర్మిట్ కొనలేక వేటకు దూరమవడం ఈ చట్టం ఇంకా పరిష్కరించవలసిన అన్యాయం.

పడవ, వల కొలతలు

బ్రిస్టల్ బేలో సాల్మన్ పడవ మొత్తం పొడవు 32 అడుగులు మించకూడదు. 1951 వరకు ఇక్కడ ఇంజిన్ పడవలకే అనుమతి లేదు, తెరచాప పడవలతో వేటాడేవారు. పడవలన్నీ ఒకే కొలతకు లోబడి ఉండటం వల్ల ధనవంతుడి పడవకూ పేదవాడి పడవకూ మధ్య తేడా కొంతైనా అదుపులో ఉంది.

పడవకు ఏటా వెసెల్ లైసెన్సు తీసుకుని, అలాస్కా డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఫిష్ అండ్ గేమ్ కేటాయించిన సంఖ్యను దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అంకెల్లో ఇరువైపులా రాయించాలి. అయిదు నెట్ టన్నులు (పడవ లోపలి చోటును కొలిచే లెక్క), ఆపైన ఉన్న పడవకు అమెరికా కోస్ట్ గార్డ్ వద్ద నమోదు కూడా తప్పనిసరి. నీరు అతి చల్లగా ఉండే ఈ తీరంలో ఒంటిని పూర్తిగా కప్పే ఇమ్మర్షన్ సూట్లు, ప్రమాద సంకేత పరికరం వంటివి ముందే సరిచూసుకోవాలి.

డ్రిఫ్ట్ వల పొడవు 150 ఫాథమ్‌లకు, అంటే మన వేటగాళ్ల లెక్కలో 150 బారలకు, మించకూడదు. ఇద్దరు పర్మిట్ దారులు ఒకే పడవలో కలిసి వేటాడితే 200 ఫాథమ్‌ల వరకు వేయవచ్చు. రెండు పడవలు విడివిడిగా 300 వేయడానికి బదులు ఒక పడవ 200 వేస్తే నీటిలో వల తగ్గుతుందని ఈ వెసులుబాటు ఇచ్చారు. సెట్ నెట్‌కు పరిమితి 50 ఫాథమ్‌లు. అయితే పర్మిట్ ఉన్నంత మాత్రాన ఒడ్డున ఒక స్థలం మీద హక్కు రాదు. ఆ స్థలానికి రాష్ట్ర సహజ వనరుల శాఖ నుంచి లీజు తీసుకునే వీలుంది. వల కన్ను కొలత జాతిని బట్టి, సమయాన్ని బట్టి మారుతుంది, కనుక ఆ ఏటి నిబంధనల్లో చూసుకున్న తరువాతే వల కొనాలి.

కలాసీల లైసెన్సులు

పడవ మీద వేటకు ఏ విధంగా తోడ్పడినా, వంట చేసేవారితో సహా, ప్రతి ఒక్కరికీ పర్మిట్ గానీ క్రూ లైసెన్సు గానీ ఉండాలి. పడవ ఎక్కాక తీసుకుందాంలే అనుకోకూడదు. గాయపడిన వేటగాళ్ల చికిత్స ఖర్చు భరించడానికి 1951లో ఏర్పాటైన ఫిషర్‌మెన్స్ ఫండ్ కూడా, గాయానికి ముందే లైసెన్సు ఉన్నవారికే వర్తిస్తుంది.

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. క్రూ లైసెన్సు రుసుము కట్టిన ఎవరికైనా దొరుకుతుంది గాని, అది పని చేసే హక్కును ఇవ్వదు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు వేసవి సెలవుల్లో పడవ మీద వాటా కూలికి వెళితే అది అనుమతి లేని ఉద్యోగమే అవుతుంది, చదువే ప్రమాదంలో పడుతుంది.

జిల్లా నమోదు, ప్రకటనలు వినడం

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ముందే తెలిసిన తేదీలతో నడుస్తుంది. బ్రిస్టల్ బేలో జూలై మొదటి వారం ఉధృతంగా ఉంటుందని అందరికీ తెలిసినా, వల ఎప్పుడు నీటిలో ఉండవచ్చో గంటల లెక్కన అప్పటికప్పుడు ప్రకటిస్తారు.

బ్రిస్టల్ బే అయిదు జిల్లాలుగా ఉంది: నాక్‌నెక్-క్వీచాక్, ఎగెగిక్, ఉగాషిక్, నుషగాక్, టోగియాక్. డ్రిఫ్ట్ వేటగాడు ఒక జిల్లాలో నమోదు చేసుకోవాలి. సీజన్ ముమ్మరంగా ఉన్న రోజుల్లో మరో జిల్లాకు మారదలిస్తే, మార్పు నమోదు చేసి 48 గంటలు వేటకు దూరంగా ఉండాలి. చేపలు ఎక్కడ పడుతున్నాయని వింటే అక్కడికి పడవలన్నీ ఒక్కసారిగా ఎగబడకుండా ఇది అడ్డుకుంటుంది. పక్క జిల్లా కబురు విని తొందరపడి మారిన వేటగాడికి, ఆ రెండు రోజుల్లో విడిచివచ్చిన జిల్లాలోనే చేప విరగబడితే చేయగలిగింది ఏమీ ఉండదు.

తెరవడం, మూయడం ఎలా నిర్ణయిస్తారో తెలిస్తే ప్రకటనలను ముందుగానే అంచనా వేయవచ్చు. నాక్‌నెక్, క్వీచాక్ వంటి తేటనీటి నదుల ఒడ్డున రెండు పక్కలా గోపురాల్లాంటి మంచెలు కట్టి ఉంటాయి. గణకులు వాటిపై నిలబడి, ప్రతి గంటలో పది నిమిషాల పాటు ఒక్కో ఒడ్డు వెంబడి ఎదురీదే సాల్మన్‌ను లెక్కిస్తారు, ఆ సంఖ్యను ఆరుతో హెచ్చవేసి గంట లెక్క కడతారు. రాత్రిపూట కూడా ఈ లెక్కింపు ఆగదు. నీరు మసకగా ఉండే నుషగాక్‌లో సోనార్ వాడతారు. ప్రతి నదికీ ఎగువకు చేరవలసిన సంఖ్య ముందే నిర్ణయించి ఉంటుంది. నాక్‌నెక్ నదికి అది 8 లక్షల నుంచి 20 లక్షలు. లెక్క వెనుకబడితే ఆ ప్రాంతపు జీవశాస్త్రవేత్త అత్యవసర ఉత్తర్వుతో వేట ఆపేస్తారు, ముందంజలో ఉంటే గంటలు పెంచుతారు. 1990ల చివర క్వీచాక్ చేపలు బాగా తగ్గినప్పుడు, వాటిని కాపాడటానికి కొన్ని సీజన్లలో పడవలను జిల్లాలోని మిగతా జలాల నుంచి తప్పించి నాక్‌నెక్ నదిలోనే వేటాడనిచ్చారు.

అందుచేత సరంగు రోజువారీ మంచె లెక్కలను, ఫిష్ అండ్ గేమ్ శాఖ రేడియోలోనూ అంతర్జాలంలోనూ ఇచ్చే ప్రకటనలను క్రమం తప్పకుండా చూడాలి. ప్రకటనలో జిల్లా పేరు, వల రకం, మొదలయ్యే సమయం, ముగిసే సమయం నాలుగూ రాసుకోవాలి. డ్రిఫ్ట్ వలలకు, సెట్ నెట్లకు వేర్వేరు సమయాలు ఉండవచ్చు. నాక్‌నెక్-క్వీచాక్ జిల్లాలో పట్టుబడే చేపల్లో 84 శాతం డ్రిఫ్ట్ వారికి, 16 శాతం సెట్ నెట్ వారికి చెందేలా అధికారులు ఆ సమయాలను సర్దుతుంటారు.

గీత దగ్గర జాగ్రత్త

జిల్లా సరిహద్దును అక్షాంశ రేఖాంశాలతో గుర్తిస్తారు. ముగింపు సమయానికి వల మొత్తం నీటి బయట ఉండాలి. ఆటుపోట్లు బలంగా ఉండే ఈ తీరంలో గీతకు ఆనుకుని వేసిన వల నిమిషాల్లో గీత దాటిపోతుంది, చేపలతో బరువెక్కిన వలను లాగడానికి అనుకున్నదానికన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఈ రెంటినీ ముందే లెక్కలోకి తీసుకోవాలి. ఎందుకంటే ఈ నేరాలకు ఉద్దేశం ఉందా లేదా అని చూడనక్కరలేని చట్టం ఒకటి ఉంది: మొదటిసారి 3,000 డాలర్ల వరకు, పదేళ్లలోపు రెండోసారి 6,000, మూడోసారి 9,000 డాలర్ల వరకు జరిమానా, పట్టిన చేపల విలువ అదనం. గాలి నెట్టుకుపోయిందన్న వాదన అక్కడ నిలవదు. దీనికి తోడు సాల్మన్ నేరాలకు పర్మిట్ మీద పాయింట్లు పడతాయి. 36 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఏడాది పాటు పర్మిట్ పని చేయదు.

అమ్మకం, ఫిష్ టికెట్

చేపలను లైసెన్సు ఉన్న కొనుగోలుదారుకే అమ్మాలి. తమ చేపలను తామే నేరుగా అమ్ముకోదలిచిన వారు దానికి వేరే అనుమతి తీసుకోవాలి. ప్రతి దింపుడుకూ ఫిష్ టికెట్ రాయాలి. అందులో పర్మిట్ వివరాలు, జాతి, బరువు, చేపలు పట్టిన ప్రదేశం ఉంటాయి, అది ఏడు రోజుల్లో శాఖకు చేరాలి. ఇంటికి వండుకోవడానికి ఉంచుకున్న చేపలను కూడా అదే టికెట్‌లో చూపాలి. చాలామంది వదిలేసేది ఆ చిన్న గడినే. కానీ ఎగువకు వెళ్లిన చేపలనూ పట్టుబడిన చేపలనూ కలిపితేనే ఆ ఏటి మొత్తం తెలుస్తుంది, తరువాతి ఏళ్ల అంచనాలు దాని మీదే ఆధారపడతాయి.

నియమం మారాలనుకుంటే

నిబంధనలను రాసేది ఏడుగురు సభ్యుల బోర్డ్ ఆఫ్ ఫిషరీస్. అది సాధారణంగా ఒక్కో ప్రాంతాన్ని మూడేళ్లకొకసారి సమీక్షిస్తుంది. పర్మిట్ ఉన్నా లేకున్నా ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు, రాష్ట్రమంతటా ఎనభైకి పైగా ఉన్న స్థానిక సలహా సంఘాల సమావేశాల్లో మాట్లాడవచ్చు. ప్రతిపాదనలో మార్చవలసిన నియమం సంఖ్యను పేర్కొనాలి. బ్రిస్టల్ బే నియమాలు రాష్ట్ర పరిపాలనా నిబంధనావళి అయిదో విభాగం ఆరో అధ్యాయంలో ఉంటాయి. తరువాత ఇబ్బంది ఏమిటో, కొత్త నియమం ఏ మాటల్లో ఉండాలో, దాని వల్ల ఎవరికి నష్టమో కూడా రాయాలి.